బుల్‌పప్ ఎయిర్ రైఫిల్ మూడింట్లో ఏది కొనాలి? ఇంట్లో ఎలా చెప్పాలి?

డాలస్ దగ్గర ఉండే ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. కుదించి చెబుతున్నాను. ఆయనకు 39 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్1బి వీసా. సొంతూరు నెల్లూరు వైపు. చిన్నప్పుడు తిరునాళ్లలో బుడగలు కొట్టే ఎయిర్‌గన్ కనిపిస్తే చేతిలో ఉన్న డబ్బులన్నీ అక్కడే ఖర్చు పెట్టేవారట. పోయిన ఏడాది కంపెనీలో లేఆఫ్‌లు మొదలయ్యాక ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. ఒక శనివారం కొలీగ్ తన పొలానికి తీసుకెళ్లి ఎయిర్ రైఫిల్ చేతికిచ్చాడు. "రెండు గంటలు ఫోన్ వైపు చూడలేదండీ. ఆ రాత్రి తెల్లారేదాకా నిద్రపోయాను" అని రాశారు.

అప్పటి నుంచి నాలుగు నెలలుగా రివ్యూలు చూస్తున్నారు. మూడు తేల్చుకున్నారు: హట్సన్ ఫ్లాష్‌పప్, క్రాల్ పంచర్ బ్రేకర్, బెంజమిన్ అకేలా. మూడూ బుల్‌పప్‌లే, అంటే పొట్టి రకం రైఫిళ్లు. కావాలనుకుంటున్నది .22, అంటే గుండు వ్యాసం అంగుళంలో 0.22 వంతు. అన్నీ కలిపి 600 డాలర్లు దాటకూడదు. పెరట్లో 20 గజాల చోటుంది, చుట్టూ చెక్క ఫెన్స్, అవతల పక్కింటివాళ్ల పిల్లలు ఆడుకుంటారు. ఇంట్లో తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. భార్య ఒక్కమాటే అన్నారట, "పిల్లలున్న ఇంట్లో తుపాకీ ఏంటి?" అని. ఆమె పనిచేసే కంపెనీ న్యూజెర్సీకి, ఎడిసన్ దగ్గరికి మారమంటోంది, ఇంకా తేలలేదు. ఉత్తరం చివర్లో మరో నాలుగు మాటలున్నాయి. తనది ఎడమచేతి వాటం. టమాటా మొక్కల మీద పడే ఉడతల పని కూడా దీంతో పట్టొచ్చు. ఎప్పటికైనా ఇండియా వెళ్లిపోతే వెంట తీసుకెళ్లొచ్చు. ఆఖరుది ఇది: "ఫ్రెండ్ అడ్రస్‌కి తెప్పించి, క్లోసెట్‌లో పై అరలో పెట్టేద్దామనుకుంటున్నా. చిన్నదే కదా. ఏది కొనమంటారు?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకు మూడు రైఫిళ్లు కనపడ్డాయి. రెండోసారి 'చిన్నదే కదా' అన్న మాట దగ్గర ఆగిపోయాను. బుల్‌పప్‌కి ఉన్న అసలు సుగుణం పొట్టిగా ఉండటమే. మరి ఆ పొట్టితనం మీకు ఎందుకు కావాలి? గురి చూసి కొట్టడానికా, పై అరలో దాచడానికా? ఏది కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది.

ముందు పరికరం సంగతి చూద్దాం. మామూలు రైఫిల్‌లో ట్రిగ్గర్ వెనక చెంప ఆనించే కట్టె, మడమ ఉంటాయి. బుల్‌పప్‌లో గుండు పెట్టే చోటు, సుత్తి, వాల్వు అన్నీ ట్రిగ్గర్ వెనక్కి, మీ చెంప కిందికి జరుగుతాయి. అందుకే గొట్టం పొడవు తగ్గకుండానే తుపాకీ పొట్టిదవుతుంది. బ్రేకర్ 29 అంగుళాల దగ్గర ఉంటుంది. గొట్టం మడిచి గుండు పెట్టే మామూలు బ్రేక్ బ్యారెల్ రైఫిల్ పక్కన పెడితే దాదాపు అడుగు పైనే తేడా. కారులోనో పొదల్లోనో చెట్టు మీద మంచెలోనో కూర్చుని కొట్టేవాళ్లకు అది వరమే. బల్ల ముందు కూర్చుని కాగితం మీద గురిపెట్టేవాళ్లకు ఆ అడుగు తగ్గినందువల్ల కలిసొచ్చేది ఏమీ లేదు. పైగా దానికి మూడు చోట్ల మూల్యం చెల్లించాలి.

మొదటిది ట్రిగ్గర్. వేలు ముందుంటుంది, సుత్తిని వదిలే కొక్కెం వెనకుంటుంది. రెండింటినీ కలుపుతూ లోపల ఒక పొడవాటి కడ్డీ వెళ్తుంది. ఖరీదైన వాటిలో దాన్ని బాగా కుదురుస్తారు. ఈ ధరలో నొక్కుతుంటే మెత్తని మైనంలో వేలు దిగుతున్నట్టుంటుంది, ఎక్కడ పేలుతుందో ముందుగా తెలియదు. మనసు కుదుటపడాలని షూటింగ్‌కి వచ్చిన మనిషికి ఇది చిన్న లోపం కాదు. ఆ రోజు పొలంలో మీకు దొరికిన ప్రశాంతత అంతా ఊపిరి బిగబట్టి, వేలు మెల్లగా బిగిస్తూ, 'ఇప్పుడు' అనుకున్న ఆ క్షణంలోనిదే.

రెండోది స్కోపు ఎత్తు. బుల్‌పప్‌లో తల పైకి ఉంటుంది కాబట్టి స్కోపును గొట్టానికి దాదాపు మూడు అంగుళాలు పైన బిగించాల్సి వస్తుంది. 25 గజాలకు సరిచేసిన రైఫిల్‌తో 10 గజాల్లో కొడితే గుండు గురికి బాగా కిందికి తగులుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. స్కోపులో దారి ఖాళీగా కనిపిస్తుంది, గొట్టం మూతి ముందు మాత్రం ఏదో అడ్డం ఉంటుంది. నేను ఒకసారి ఇలాగే బల్ల అంచునే కొట్టాను. చెక్క లేచిపోయి, వంకర పోయిన గుండు పక్కకు ఎగిరింది. అదృష్టం కొద్దీ అటువైపు ఎవరూ లేరు. ఆ రోజు నుంచి ప్రతి గుండుకు ముందు తల పక్కకు వంచి మూతి వైపు చూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

మూడోది మీ ఎడమచేతి వాటం. మీరు దీన్ని ఒక్క ముక్కలో దాటేశారు గానీ, మీ విషయంలో అన్నింటికన్నా పెద్దది ఇదే. ఎడమ భుజానికి ఆనిస్తే మీ చెంప స్టాక్ కుడి పక్కకు తగులుతుంది. ఈ ధరలో వచ్చే బుల్‌పప్‌లలో చాలావాటికి గుండు గుండుకీ లాగి మూయాల్సిన సైడ్ లివర్ కూడా కుడివైపే ఉంటుంది. క్రాల్ బ్రేకర్‌లో అయితే వెనగ్గా, సరిగ్గా చెంప పెట్టే చోటనే. అంటే ఒక్కో గుండుకు తల ఎత్తాలి, లివర్ లాగాలి, మూయాలి, మళ్లీ చెంప ఆనించి అంతా మొదటి నుంచి కుదుర్చుకోవాలి. మీరు చూసిన వీడియోల్లో కుడిచేతివాళ్లు ఉంటే వాళ్లకు ఈ ఇబ్బంది కనపడే అవకాశమే లేదు.

ఇక గాలి. ఇవి మూడూ ముందే గాలి నింపుకునే రకం, పీసీపీలు. సిలిండర్‌లో 200 బార్ దాకా నింపాలి, కారు టైరుకు పట్టే గాలికి ఎనభై తొంభై రెట్లు. ప్రకటనలో చూపించేది రైఫిల్ ధర ఒక్కటే. పంపు, స్కోపు, దాని రింగులు, గుళ్లు, తాళం పడే పెట్టె విడిగా కొనాలి. సిలిండర్ 200 సీసీ అనుకుంటే, 100 బార్ నుంచి 200కి తేవడానికి 20 లీటర్ల గాలి కూరాలి. చేతిపంపుతో అయితే వంద పైచిలుకు సార్లు కొట్టాలి, చివరి ముప్ఫై సార్లు ఒంటి బరువంతా వేసి తొక్కాల్సిందే. మధ్యలో ఆపి పంపు చల్లారనివ్వాలి, లేకపోతే సీళ్లు పోతాయి, తేమ లోపలికి చేరుతుంది. చిన్న ఎలక్ట్రిక్ కంప్రెసర్ కొనాలంటే మీ 600లో పెద్ద భాగం అక్కడే పోతుంది. ఏది కొన్నా ఈ రెండు మాటలు గుర్తుంచుకోండి. గాలి తప్ప ఆక్సిజన్ గానీ ఇంకే గ్యాసు గానీ నింపకూడదు. లోపలి భాగాలకు సిలికాన్ నూనె తప్ప మామూలు మెషీన్ నూనె తగలకూడదు, అంత పీడనంలో అది అంటుకుని పేలుతుంది.

ఈ ధరలో చాలావాటిలో ప్రతి గుండుకూ గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే రెగ్యులేటర్ ఉండదు. అంటే నిండుగా నింపినప్పుడు మొదటి కొన్ని గుళ్లు కాస్త నెమ్మదిగా వెళ్తాయి, మధ్యలో వేగం పెరుగుతుంది, చివర్లో మళ్లీ పడిపోతుంది. గురి తప్పుతోందని మనల్ని మనం తిట్టుకుంటాం గానీ చాలాసార్లు తేడా గాలిలో ఉంటుంది. మధ్యలోని మంచి గుళ్లు ఎన్నో లెక్కపెట్టుకుని, అంతవరకే వాడి, మళ్లీ నింపుకోవాలి.

.22 ఎందుకు అనుకున్నారో మీరు రాయలేదు. శక్తి ఎక్కువని అయితే కాగితానికి దాంతో పనిలేదు. ఇంగ్లండ్‌లో లైసెన్సు లేని ఎయిర్ రైఫిల్‌కి 12 అడుగుల-పౌండ్ల (గుండు శక్తికి కొలత) పరిమితి ఉంది. అక్కడి ఫీల్డ్ టార్గెట్ పోటీల్లో అదే శక్తితో 55 గజాల దాకా చిన్న చిన్న గురులు కొడతారు, వాళ్లలో ఎక్కువమంది వాడేది .177. మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్‌కి 2012లో లండన్‌లో కాంస్యం వచ్చింది 4.5 మిల్లీమీటర్ల గుండుతోనే. .177 అంటే అదే. గుళ్లు చవక, దారి తిన్నగా ఉంటుంది. .177కి సరే అంటే అకేలా మీ జాబితాలోంచి తప్పుకుంటుంది, అది .22లో మాత్రమే వస్తుంది.

శక్తికి ఇంకో పక్క కూడా చూడండి. 18 గ్రెయిన్ల (ఒక గ్రాము పైచిలుకు) బరువున్న .22 గుండు సెకనుకు 850 అడుగుల వేగంతో వెళ్తే 29 అడుగుల-పౌండ్లు, దాదాపు 39 జౌళ్లు. మీ పెరటి ఫెన్స్ పలక ముప్పావు అంగుళం కూడా ఉండదు. అలాంటి పాత పలక ఒకటి పొలంలో నిలబెట్టి కొట్టి చూశాను. ముందు వైపు పెన్సిల్ పట్టేంత గుండ్రటి రంధ్రం పడింది. వెనక చెక్క చీలికలై పువ్వులా విచ్చుకుంది, గుండు దాటిపోయింది. మీ పలక అవతల పిల్లలు ఆడుకుంటారని మీరే రాశారు. కాబట్టి ఈ రైఫిళ్లతో పెరట్లో కొట్టే మాట మర్చిపోండి. ఎలక్ట్రీషియన్లు పైపులు మూయడానికి వాడే డక్ట్ సీల్ ముద్దను పెట్టెలో కూరి గుళ్లు ఆగేలా చేయొచ్చు, చాలామంది చేస్తారు కూడా. కానీ పెట్టె తప్పిన ఒక్క గుండుకు అది ఏమీ చేయలేదు. పైగా ఊరి హద్దుల్లో ఎయిర్‌గన్ పేల్చడం మీద టెక్సస్‌లో ఒక్కో సిటీకి ఒక్కో నిబంధన ఉంది. మీ సిటీ ఆర్డినెన్సులు సిటీ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, చదవండి.

వీసా సంగతి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బి మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫైర్‌ఆర్మ్ దగ్గర ఉంచుకోకూడదు. ఆ చట్టంలో ఫైర్‌ఆర్మ్ అంటే మందు పేలుడుతో గుండును తోసేది. గాలితో తోసేది దాని కిందికి రాదు, అందుకే టెక్సస్‌లో మీరు దీన్ని కొనగలుగుతున్నారు. న్యూజెర్సీలో అలా కాదు. ఆ రాష్ట్ర చట్టం ఎయిర్ రైఫిల్‌ని కూడా ఫైర్‌ఆర్మ్ కిందే లెక్కేస్తుంది, కొనడానికి తుపాకీ కొనేవాళ్లకిచ్చే ప్రత్యేక ఐడీ కార్డు కావాలి. ఇల్లు మారే సామాన్ల మధ్య దీన్ని ఎడిసన్ తీసుకెళ్లారంటే, ఇక్కడ అభిరుచి అనుకున్నది అక్కడ నేరం కావచ్చు. మీ ఆవిడ ఉద్యోగం సంగతి తేలేదాకా ఆగడమో, బయల్దేరే ముందు అమ్మేయడానికి ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోవడమో, రెండిట్లో ఒకటి తప్పదు. విడిగా బిగించుకునే సైలెన్సర్ జోలికి మాత్రం అసలు వెళ్లకండి, అది అసలు తుపాకీకి కూడా పట్టేదైతే ఫెడరల్ చట్టంతో పెట్టుకున్నట్టే. ఇంకోటి, బుల్‌పప్ చూడ్డానికి మిలిటరీ తుపాకీలా ఉంటుంది. పెట్టెలో పెట్టకుండా కారు దాకా మోసుకెళ్లినా ఎవరో ఒకరు 911కి ఫోన్ చేస్తారు. వీసా మీద ఉన్న మనిషి గుమ్మం ముందు అలాంటి సీన్ ఒక్కటి చాలు, మీ టెన్షన్ నాలుగింతలు అవడానికి.

ఇండియా తీసుకెళ్లే ఆలోచన కూడా వదిలేయండి. అక్కడ లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్ అంటే .177 దాటకూడదు, 20 జౌళ్లు మించకూడదు. మీరనుకున్న .22 రెండు విధాలా దాటిపోతుంది. ఉడతల మాట కూడా అంతే. టెక్సస్‌లో ఉడత గేమ్ యానిమల్, అంటే వేట చట్టం కిందికొచ్చే జంతువు, లైసెన్సు, సీజన్ లాంటి నిబంధనలున్నాయి. టమాటాలకు వల కప్పండి, పది డాలర్ల పని. తొమ్మిదేళ్ల పిల్లాడు కిటికీలోంచి చూస్తుండగా నాన్న ఉడతను కొట్టడం అనేది వాడికి రైఫిల్ గురించి అందే మొదటి పాఠం కాకూడదని నా కోరిక.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

బుల్‌పప్పే కావాలంటే, అదీ .177లో అయితే, ఫ్లాష్‌పప్, బ్రేకర్ మిగిలాయి. ఫ్లాష్‌పప్ తేలిక, చవక కూడా. పంపుకి, మామూలు స్కోపుకి మీ 600లో చోటు మిగలాలంటే అదే. బ్రేకర్‌లో శక్తి తగ్గించుకునే సదుపాయం ఉంది. కాగితానికి తగ్గించి కొడితే ఒక్కసారి నింపిన గాలికి ఎక్కువ గుళ్లు వస్తాయి, పంపు బాధ తగ్గుతుంది. చేతికి పట్టుకుంటే నాకు నచ్చేది బ్రేకరే, కానీ నాది కుడిచేయి. మీరు ఏ షాపులోనైనా ఎడమ భుజానికి ఆనించి, లివర్ పదిసార్లు లాగి మూయకుండా ఆర్డర్ పెట్టొద్దు. పదోసారికి మెడ విసుక్కుంటే మీకు జవాబు దొరికినట్టే. బుల్‌పప్‌లో మూతి ముందు చేతికి చాలా దగ్గరగా ఉంటుందని కూడా అప్పుడే తెలుస్తుంది. వేళ్లు ఎక్కడ పెట్టాలో మొదటిరోజే అలవాటు చేసుకోవాలి.

రెండో దారి, .177 స్ప్రింగ్ రైఫిల్, గొట్టం మడిచి గుండు పెట్టే రకం. పంపు అక్కర్లేదు, కంప్రెసర్ అక్కర్లేదు. లివర్ లేదు కాబట్టి ఎడమచేతికి, కుడిచేతికి తేడా ఉండదు. మీ బడ్జెట్‌లో సగంలో మంచిది వస్తుంది, మిగతా డబ్బుతో మంచి స్కోపు కొనుక్కోవచ్చు. అయితే స్ప్రింగ్ ముందుకీ వెనక్కీ కుదుపుతుంది కాబట్టి గట్టిగా బిగించి పట్టుకుంటే గుళ్లు చెదురుతాయి, అరచేతి మీద వదులుగా నిలపడం నేర్చుకోవాలి, ఒకటి రెండు నెలలు పడుతుంది. తిరునాళ్లలో మీరు పట్టుకున్నది ఈ జాతిదే, గుర్తుపడతారు. ఇది పొడుగ్గా ఉంటుంది, పై అరలో దాగదు. మీ ఉత్తరం చదివాక నా మొగ్గు దీనివైపే ఉంది.

మూడో దారి, ఎడిసన్ సంగతి తేలేదాకా ఏమీ కొనకపోవడం. కొలీగ్‌ని అడిగి నెలకు రెండు శనివారాలు ఆయన రైఫిల్‌తోనే కొట్టండి, గుళ్లు మీరు కొనిపెట్టండి. సొంతది లేదన్న వెలితి ఉంటుంది. కానీ మీకు నిద్ర తెప్పించింది ఆ పొలం, ఆ రెండు గంటలు. అవి ఆగిపోవు.

ఫ్రెండ్ అడ్రస్‌కి తెప్పించి దాచడం నాలుగోది. చేయగలరు, ఎవరూ ఆపలేరు. కానీ పీసీపీలో నింపిన గాలి వారాల తరబడి అలాగే ఉంటుంది. పై అరలోకి స్టూలు వేసుకుని ఎక్కిన తొమ్మిదేళ్లవాడికి అందులో గాలి ఉందో లేదో, గుండు ఉందో లేదో తెలియదు. ఇంట్లో అలాంటిది ఉందని తెలియని తల్లి ఆ తలుపుకు తాళం కూడా వేయదు. మీ ఆవిడ అన్నది ఒకే వాక్యం, దాన్ని మీరు 'వద్దు' అని విన్నారు. నాకు మాత్రం అది ప్రశ్నలాగే వినపడింది, మీరింకా జవాబు చెప్పని ప్రశ్న. లేఆఫ్‌ల రోజుల్లో నిద్రపట్టని సంగతి, పొలం నుంచి వచ్చిన రాత్రి నిద్రపోయిన సంగతి నాకు రాశారు. ఆమెకు చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

రైఫిల్ పేరు ఎత్తకుండా ముందు అది చెప్పండి. తర్వాత ఎక్కడ కొడతారు, ఎక్కడ పెడతారు అన్నది చెప్పండి. పెరట్లో ఎప్పుడూ కాదు, పొలంలోనే. తాళం వేసిన పెట్టెలో రైఫిల్, వేరే చోట తాళంలో గుళ్లు. పెట్టె తాళంచెవుల్లో ఒకటి ఆమె దగ్గర. గుళ్లు సీసంవి కాబట్టి ఇంటికి రాగానే చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే పాపను ఎత్తుకోవడం. ఇంత విన్నాక కూడా ఆమె వద్దంటే, మూడో దారి ఎలాగూ ఉంది. ఒక శనివారం ఆమెను కూడా పొలానికి రమ్మనండి. చెవులకు, కళ్లకు రక్షణ ఆమెకూ ఒక జత తీసుకెళ్లండి, పది గజాల్లో నాలుగు బుడగలు కట్టండి.